గడప దాటించే మాట



సాహిత్య సదస్సుకు అధ్యక్షుడిగా పిలిస్తే మనోవైద్యుల ఫేస్‌బుక్ పోస్టుల గురించి మాట్లాడతాడేమిటని ముందు వరుసలో పెద్దలు అప్పుడే ముఖాలు చూసుకుంటున్నారు. ఆ పోస్టులూ తెలుగులోనే రాస్తున్నారండీ. రాత ఎక్కడుంటే అక్కడ మనకు పని ఉంది.

ఇక్కడున్న టీచర్లలో డీఎస్సీ రాసినవారికి మనస్తత్వవేత్త స్కిన్నర్ కొత్త కాదు. కార్యసాధక నిబంధనం, పునర్బలనం అని బట్టీపట్టి, ఉద్యోగం రాగానే మరిచిపోయి ఉంటారు. ఒక పని చేసిన వెంటనే మనకేం దక్కిందన్నదాన్ని బట్టే ఆ పని మళ్లీ చేయడమో మానడమో ఉంటుందన్నాడాయన. మార్కాపురం పలక మీద 'అ' దిద్దిన పిల్లవాడికి అక్కడికక్కడే 'శభాష్' దక్కితే 'ఆ' కూడా దిద్దుతాడు. ఆ మాట సాయంత్రం అంటే లాభం లేదు.

ఆ సూత్రం పట్టుకుని ఇప్పుడు ఏదైనా మానసిక వైద్యశాల ఫేస్‌బుక్ పేజీ తెరవండి. సంక్రాంతి శుభాకాంక్షలు, డాక్టరుగారికి శాలువా, ఒక మెదడు బొమ్మ. కింద బోలెడు లైకులు. కొట్టిందెవరు? డాక్టరుగారి క్లాస్‌మేట్లు, బావమరుదులు. నిద్రపట్టని రైతు అందులో లేడు. చూసినా లైకు కొట్టడు, కొడితే ఊరంతా తెలుస్తుంది. ఆ లైకులకు అలవాటుపడింది రోగి కాదు, పోస్టు పెట్టినవాడు. ఏ పోస్టుకు ఎన్ని వస్తాయో తెలియకపోవడంలోనే ఉంది పట్టు. ముక్క ఎప్పుడు పడుతుందో తెలియకే కదా పేకాటరాయుడు లేవడు! 1957లో ఫెర్‌స్టర్, స్కిన్నర్ కలిసి పునర్బలనం ఎప్పుడెప్పుడు అందితే ఏమవుతుందో లావుపాటి పుస్తకమే వేశారు. అందులో ప్రయోగాలు ఎక్కువగా పావురాల మీద. ఇప్పుడు మన మీద.

మరి లెక్కపెట్టాల్సిందెవరిని? ఆసుపత్రికి గడప దాటి వచ్చినవాళ్లను. 2015–16లో మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో, జబ్బును బట్టి రోగుల్లో నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదని తేలింది. డాక్టర్లు తక్కువన్నది నిజమే. కానీ మొదటి అడుగు వేసినవాడికి ఎదురయ్యేది కూడా చూడాలి.

మా బంధువుల కుర్రాడికి నెలల తరబడి నిద్ర లేదు. వాళ్ల నాన్న ఫోన్‌లో ఒక ఆసుపత్రి ప్రకటన చూసి, పదిసార్లు తటపటాయించి, నంబరు నొక్కాడు. అవతల ఎత్తిన అమ్మాయి "పిచ్చి ఎవరికండీ?" అంది. పెట్టేశాడు. ప్రకటనకు పోసిన డబ్బంతా ఆ రెండు మాటలతో నేలపాలు. చివరికి చాలా నెలల తర్వాత, పక్కింటివాళ్లకు నెమలిగుండ్ల రంగనాయకస్వామి దర్శనమని చెప్పి, ఆసుపత్రికి గిద్దలూరులో రైలెక్కారు.

ఆ అమ్మాయికి తెలియనిది రచయిత్రి మాలతీ చందూర్‌కు తెలుసు. ఆంధ్రప్రభ వారపత్రికలో ఆమె ప్రశ్నోత్తరాల శీర్షిక 'ప్రమదావనం' దశాబ్దాలపాటు నడిచింది. పక్కింట్లో చెప్పుకోలేనిది కార్డు మీద రాసి పోస్టుడబ్బాలో వేస్తే చాలు. ఖర్చు తక్కువ, ఊళ్లో పరువు పోదు, పైగా జవాబు మర్యాదగా వస్తుంది. ఒకరికి వచ్చిన జవాబు చూసి ఇంకొకరికి ధైర్యం. ప్రచారం పేరెత్తకుండానే ఆ శీర్షిక మనుషుల చేత నోరు విప్పించింది. స్కిన్నర్ ప్రవర్తన విశ్లేషణ ఆమె చదివారో లేదో గాని, మన వైద్యులు చదవాల్సింది మాత్రం ఆమెను.

ఇంకో పక్క 'మా దగ్గర నయమైంది' అంటూ రోగుల చేతే వీడియోలు చెప్పించడం. ఇది నాకు ఏమాత్రం రుచించదు. చికిత్సలో ఉన్న మనిషి ఫొటో గాని వివరాలు గాని అతని అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. అనుమతి తీసుకున్నామంటారు. మందు రాసే చేయి అడిగితే కాదనగలిగే రోగి ఎవరు?

పోస్టు ఇలా ఉంటే చాలు: 'రాత్రి మూడింటికే మెలకువ వస్తోందా? ఇక్కడికి ఫోన్ చేయండి. పేరు చెప్పక్కర్లేదు.' కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ ఉచిత నంబరు 14416 ఉండనే ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. దానికి ఆ పేజీల్లో చోటు లేదు, మెదడు బొమ్మకుంది.

మార్కాపురం, గిద్దలూరు నుంచి వచ్చిన డాక్టర్లకు ఒక మనవి. మీరు పెట్టబోయే పోస్టు ముందు నాకు చూపించండి. మధ్యాహ్నం భోజనాల దాకా ఇక్కడే కూర్చుంటాను, తెలుగు దిద్ది ఇస్తాను. ఫోన్ ఎత్తే అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని రండి.