పైన ఎగరేసినా కింద ఊరిని అడగాలి



వంజంగి మేఘాలు తీయడానికి లేచిన డ్రోన్ కొండ దగ్గరే ఆగదు కదా. కింద గెడ్డలో స్నానం చేసే ఆడవాళ్లూ దానికి కనిపిస్తారు. అడిగితే "గ్రీన్ జోన్, పర్మిషన్ అక్కర్లేదు" అంటారు. నిజమే, 2021 డ్రోన్ రూల్స్ అక్కడ 400 అడుగుల వరకు ఆ వెసులుబాటు ఇచ్చాయి. అది ఎగరేయడానికే, మనుషుల్ని తీయడానికి కాదు. స్నానం చేస్తున్న ఆడమనిషిని ఒప్పుకోకుండా తీస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం.

మన ఆచారాలను కాపాడుకునే అధికారం 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. అందుకే తీర్మానం రాయించండి: ముందు ఊరిని అడగాలి. గెడ్డ, వాకిలి, పూజ చేసే చోటు మీద ఎగరేయకూడదు. తీసింది ఊరికి చూపించాకే బయట పెట్టాలి.

రిమోట్ మన కుర్రాడి చేతిలో ఉన్నా ఇదే రూలు.

జై ఆదివాసీ!