తండ్రి ప్రసవించిన పిల్లలు



సముద్రపు గుఱ్ఱమును గుఱించి ముందుగా ఒక సందేహము తీర్చవలసి యున్నది. తెలుగున నీటి గుఱ్ఱమన్నచో ఆఫ్రికా నదులలో నుండు భారీ జంతువు. ఇచట ప్రస్తావించునది అది కాదు, ఇది చేప. దీని తల గుఱ్ఱపు తలను, తోక ఊసరవెల్లి తోకను బోలియుండును. ఒంటిమీద పొలుసులు లేవు. వానికి బదులు ఎముక పలకల కవచము గలదు. నిలువుగా నిలిచి యీదును. దీనికి దగ్గఱి బంధువు గొట్టపు చేప. సముద్రపు గుఱ్ఱమును రెండు చివరల పట్టి పుల్లవలె సాగదీసినచో గొట్టపు చేప యగుననవచ్చును. ఈ రెండింటిలోను గర్భము మోయునది మగది.

ఆడ గుఱ్ఱము తన గ్రుడ్లను మగదాని పొట్టమీది సంచిలో పెట్టుటతో దాని పని ముగియును. తరువాతి భారమంతయు తండ్రిది. సంచిలోని పిల్లలకు అతడే ప్రాణవాయువు నందించును, అచటి నీటి ఉప్పదనమును సరిపఱచును, కొంత పోషణము నొసగును. నీటి వెచ్చదనమును బట్టి రెండు మొదలు నాలుగు వారములకు పురుటి సమయము వచ్చును. తఱచు తెల్లవారు జామున తండ్రి ఒక మొక్క కాడకు తోక చుట్టుకొని, నడుము ముందుకు వెనుకకు వంచుచు నొప్పులు పడును. సంచి నోటినుండి పిల్లలు గుంపులు గుంపులుగా వెలువడును. అమెరికా తూర్పు తీరమున నుండు గీతల సముద్రపు గుఱ్ఱమునకు ఒక్క కానుపులో వందలకొలది పిల్లలు కలుగుట సామాన్యము. ఒక్కొక్కటి సుమారు 1 సెంటీమీటరు పొడవుండును. ఆ యంతలోనే తల, తోక, కవచము సమస్తము అమరియుండును. కన్న తండ్రి పిమ్మట వాని వంక చూడడు. మఱునాటికే క్రొత్త గ్రుడ్లకు సంచి సిద్ధము చేసికొనుటయు కలదు.

సముద్రమున ఇట్టి పిల్లలలో వేయింటికి అయిదైనను పెరిగి పెద్దవి యగుట అరుదని శాస్త్రజ్ఞుల అంచనా. ఇంటి గాజుతొట్టెలో పెద్దచేపలు లేవు, అలలు లేవు, కావలసినంత మేత గలదు. అయినను క్రొత్తగా పెంపకమునకు దిగినవారి తొట్టెలలో మొదటి రెండు వారములలోనే పిల్లలన్నియు నశించుట సాధారణము. చచ్చిన పిల్లలలో అనేకము పొట్టనిండ మేసినవే యగుట వారికి అంతుపట్టని చిక్కు.

అయితే ఇట్టి కష్టమునకు ఎవ్వరైనను ఏల పూనుకొందురు? వేడుకొక్కటే కారణము కాదు. చైనా వైద్యమునకై ఎండబెట్టిన సముద్రపు గుఱ్ఱములు లక్షలకొలది విక్రయింపబడినవి. తొట్టెలలో పెంచుటకును సముద్రమునుండి పట్టి తెచ్చెడివారు. అట్లు పట్టినవి చచ్చిన మేతను ముట్టక తఱచు ఆకలిచే కృశించి చచ్చును. తొట్టెలో పుట్టి పెరిగిన పిల్ల చేతి మేతకు అలవాటుపడును. అట్టిది ఒకటి దొరకినచో సముద్రమున ఒకటి మిగులును. వీని అంతర్జాతీయ వ్యాపారముపై 2002 లో చేసిన నిర్ణయమును బట్టి 2004 నుండి కట్టడి అమలులోనికి వచ్చినది. మన దేశమున 2001 లోనే ఈ కుటుంబపు చేపలన్నిటిని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణలోనికి తెచ్చిరి. కావున వలలో పడినదానిని ఇంటికి తెచ్చి పెంచుట ఇచట నేరము. ఇక చెప్పబోవునది అమెరికా, బ్రిటన్ వంటి దేశములలో తొట్టె పుట్టుక చేపలను పెంచువారి అనుభవము.

పుట్టిన పిల్లలను తండ్రి తొట్టెలో నుంచరాదు. నీటిని వడగట్టు యంత్రమే వానిని లోనికి లాగివేయును. వలతోను పట్టరాదు. వల గాలిలోనికి లేచిన క్షణమున పిల్ల గాలిని మ్రింగును. పొట్టలో గాలిబుడగ నిలిచినచో నీటిపై తేలి, క్రిందికి దిగలేక, మేయలేక చచ్చును. కావున గిన్నెతో నీటితో సహా ముంచి మార్చుదురు. గీతల గుఱ్ఱపు పిల్లలు తొలి రెండు మూడు వారములు దేనినీ పట్టుకొనక నీటిలో తేలియాడును. వెలుగు ఎచట నున్నచో అచటికి చేరును. పైన దీపము పెట్టినచో అన్నియు పైకే చేరి గాలి మ్రింగును. అందుచే వాని తొట్టెను గుండ్రముగ చేసి, నీటిని మెల్లగా చుట్టు తిరుగునట్లు నడిపింతురు. దీనికి జర్మన్ భాషలో క్రైసెల్ అని పేరు, అనగా బొంగరము. మూలలు లేనందున పిల్లలు ఒకచోట చిక్కువడవు.

ఇక అసలు విషయము మేత. ఈ చేపకు పండ్లు లేవు, కడుపు సంచియు లేదు. గొట్టపు మూతితో పీల్చినది తిన్నగా ప్రేగులోనికి పోవును. అరగినంత అరగి, మిగిలినది వెలికిపోవును. కావున పిల్లలకు రోజునకు నాలుగైదు మారులైనను మేత వేయవలెను. వేయునది ఆర్టీమియా. కోస్తా ఆంధ్రమున రొయ్య పిల్లల హేచరీలలో పని చేసినవారికి ఈ పేరు క్రొత్త కాదు. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ అను ఉప్పు సరస్సునుండి వచ్చు ఎండు గ్రుడ్ల డబ్బాలు వారు చూచియేయుందురు. ఆ గ్రుడ్లను ఉప్పునీట వేసి, గాలి బుడగలు పంపి, వెలుతురున నుంచినచో సుమారు 24 గంటలలో నలుసంత పురుగులు వెడలును.

పొరపాటు జరుగునది ఇచటనే. పుట్టిన పురుగు తనలోని పచ్చసొనతో బ్రతుకును. దానికింకను నోరు విచ్చుకొనదు. గంటలు గడచినకొలది ఆ సొన తఱుగును. ఆలస్యముగ వేసిన పురుగు చూపునకు పురుగే గాని లోపల సారము లేదు. పైగా తొలి రోజులలో గుఱ్ఱపు పిల్ల ప్రేగు పరిపక్వము కానందున, మ్రింగిన పురుగు ప్రాణముతోనే వెలికి వచ్చుటయు గలదు. మేసిన పిల్ల ఆకలితో చచ్చుటకు ఇదియే కారణము. కావున పెంపకందార్లు పురుగునకు నోరు విచ్చిన పిమ్మట, పుట్టిన సుమారు 12 గంటలకు, దానికి నాచును గాని చేపనూనె సారమును గాని మేపుదురు. పాలిచ్చు తల్లి తిన్నదే చంటిబిడ్డకు చేరునని పెద్దలు పథ్యము పెట్టుట లేదా? ఇదియు అట్టిదే. పిల్లకు మేత వేయుటకు ముందు మేతకే మేత వేయవలెను.

అయితే ఆ నూనెతోనే మఱియొక చిక్కు. మేపిన పురుగులను మంచి ఉప్పునీట కడుగక వేసినచో నూనె నీటిపై పొరగట్టును. ఆ పొరకు పిల్లల మూతులు అంటుకొనును. గ్రుడ్ల పెంకులును ప్రమాదమే; ప్రేగునకు అడ్డుపడును. అందుచే ముందే బ్లీచింగు ద్రవములో పెంకు కరగించి, బాగుగ కడిగి, తరువాత పొదిగింతురు. దీనివలన గ్రుడ్లను అంటి వచ్చు హైడ్రాయిడ్లను కుట్టెడు జీవులును నశించును.

మిగిలిన మేత కుళ్ళినచో నీరు విషమగును. ప్రతిదినము సన్నని గొట్టముతో అడుగు మడ్డి లాగి, తీసినంత నీటిని అదే ఉప్పదనముతో నింపవలెను. నీరు 22 మొదలు 24 డిగ్రీల సెల్సియస్ లో నుండుట మేలు; వేడి హెచ్చినకొలది సూక్ష్మక్రిములు పెరుగును. ఇంత పని ఉన్నందున అనుభవజ్ఞులు తాము మేపగలిగినన్ని పిల్లలనే పెంపకపు తొట్టెలో నుంతురు. వినుటకిది కఠినముగ నుండును. కాని నాలుగు వందలను ఒక్క తొట్టెలో క్రిక్కిరిసి పెట్టి నాలుగు వందలను పోగొట్టుకొనుటకంటె, ఏబదింటిని నిలుపుకొనుట దయగల పని.

గొట్టపు చేప పిల్లలతో పని ఇంకను కష్టము. వీనిలో కొన్నింటి తండ్రులకు సంచియే లేదు. గ్రుడ్లు పొట్టక్రింద బయటనే అంటియుండును. కొన్ని జాతుల పిల్లల మూతి ఎంత సన్నమనగా ఆర్టీమియా పురుగే పట్టదు. వానికి కోపీపాడ్ లను మఱింత చిన్న జీవులను ముందే వేఱు తొట్టెలో పెంచి సిద్ధముగ నుంచవలెను. పురుడు వచ్చిన పిమ్మట వాని కొఱకు వెదకినచో కాలము మించిపోవును. ఫ్లోరిడా తీరపు మఱుగుజ్జు గుఱ్ఱమునకు ఈ బాధలు తక్కువ. రెండు మూడు సెంటీమీటర్లకు మించని ఆ చేప పిల్లలు పుట్టినది మొదలు తోకతో ఆనుకొని, అప్పుడే పొదిగిన ఆర్టీమియాను మేయును. నేర్చుకొనువారికి అదియే మొదటి బడి.

మూడు వారములు గడచి గీతల గుఱ్ఱపు పిల్లలు తోకకు ఆధారము వెదకునప్పుడు తొట్టెలో సన్నని ప్లాస్టిక్ వల ముక్కలు వ్రేలాడదీయుదురు. అవి లేనిచో ఒకదాని తోకను మఱియొకటి చుట్టుకొని పెనుగులాడును. రెండవ మాసమున గడ్డకట్టించిన మైసిస్ అను చిన్న రొయ్యలను తఱిగి, బ్రతికియున్న మేతలో కలిపి వేయుట ఆరంభింతురు. పిల్ల ఆ కదలని ముక్కను మొదట ఒక కంటితో, తరువాత మఱియొక కంటితో చూచును. ఈ చేప రెండు కన్నులను వేర్వేఱుగ త్రిప్పగలదు. చూచి వదలివేయును. మఱునాడు మరల చూచును. ఏదో ఒక ఉదయమున మూతి చాచి చటుక్కున లోనికి పీల్చివేయును. ఆ నాటినుండి తెల్లవారుజామున లేచి పురుగులను పొదిగించు పని తగ్గును.