గుడ్డు తిన్న చేతితోనే టీకా వేయించాలి

పెరటి కోడి గుడ్డు తినడం పాపమా అని కొందరు అడుగుతున్నారు. ఖమ్మం, భద్రాచలం అడవి అంచు పల్లెల్లో నాటు కోడి ఏడాదికి పెట్టేది సుమారు 50, 60 గుడ్లే. పొదగేసినవి 21 రోజులకు పిల్లలవుతాయి. అవి పెరిగితే సంత నాటికి మన చేతికందే డబ్బు. అందుకే పొదగేయడానికి ఉంచి, మిగిలినవే ఇంట్లో పిల్లలకు, గర్భిణులకు పెడుతున్నాం. ఇందులో తప్పు లేదు.

గుడ్లు తీసుకుని, కొక్కెర తెగులు వచ్చినప్పుడు కోడిని దాని ఖర్మకు వదిలేయడమే తప్పు. టీకా ఉన్న రోగానికి గంప కింది కోళ్లన్నీ చావడం అన్యాయం. ఈ టీకాను చల్లగా ఉంచాలి. అందుకే మారుమూల గూడేలకు అందడం కష్టం. ఐస్ పెట్టెతో పశువైద్య సిబ్బంది గూడేనికే రావాలని ప్రతి గ్రామ శాఖ ఈ నెలలోనే అర్జీ పెట్టాలి. కోళ్లకు నీడ, నీళ్లు చూసే పని మాత్రం మనదే.