ఉమ్మడి సొమ్ము – సొంత లాభము



ఊరికొక బావి త్రవ్వవలెనన్నను, బడికి గోడ పెట్టవలెనన్నను ఆ పనిని ఎవరికో యొకరికి గుత్తకీయక తప్పదు. ఇచ్చెడివాడు ఊరి సొమ్ము నిచ్చుచున్నాడు. పుచ్చుకొనువాడు తన లాభము చూచుకొనుచున్నాడు. ఈ యిరువురును వేరువేరుగా నున్నంత కాలము చిక్కు లేదు. ఇచ్చెడి చేయియు, పుచ్చుకొను చేయియు ఒకే యింటివైనచో నేమగునో నేడు విచారింతము.

ముందుగా నా తప్పు నేను చెప్పుకొనుట న్యాయము. నేను ఉపాధ్యాయుడనై యున్న దినములలో బడికి బల్లలు చేయించు సంఘమున నన్నొక సభ్యునిగా నుంచిరి. ముగ్గురు కలప వర్తకులు ధరలు వ్రాసి పంపిరి. అందొకడు నా మేనల్లుడు. వాని ధరయే తక్కువ; కలపయు మంచిదే. చుట్టరికము మాట నేనెత్తలేదు, ఎవరును అడుగలేదు. పని వానికే యిచ్చితిమి. బల్లలు గట్టిగానే యుండెను. కాని మరుసటి యేడు తక్కిన యిరువురును ధరలు పంపలేదు. వారిలో నొకనిని కారణమడుగగా, “అయ్యా! మీవాడున్న చోట మాకేమి పని?” యనెను. పోటీ లేకపోవుటచే ఆ యేడు మేనల్లుని ధరయు పెరిగినది. నేనొక్క పైసయు తినలేదు. అయినను నా మౌనమువలన బడి సొమ్ము నష్టమయ్యెను.

ఇట్టి ధర్మసూక్ష్మమును సుప్రీంకోర్టు 1969వ సంవత్సరమున క్రైపాక్ వ్యాజ్యెమునందు తేటపరచినది. అది గుత్తపనికి గాక అటవీ ఉద్యోగుల యెంపికకు సంబంధించినది. జమ్మూ కాశ్మీర అటవీశాఖాధికారి యొకరు ఎంపిక మండలిలో సభ్యుడు, తానును అభ్యర్థియే. తన పేరు వచ్చినపుడు ఆయన పాల్గొనలేదు. పోటీదారుల పేర్లు వచ్చినపుడు మాత్రము కూర్చుండియే యుండెను. పక్షపాతము నిజముగా జరిగినదని నిరూపింప నక్కరలేదనియు, జరుగుటకు తగిన అవకాశమున్న చాలుననియు తలచి న్యాయస్థానము ఆ యెంపికను కొట్టివేసెను.

గుత్తలకు సంబంధించిన తీర్పు 1979లో వచ్చినది. బొంబాయి విమానాశ్రయమున ఫలహారశాల నడుపుటకు ఐదేండ్ల అనుభవముగల రెండవ తరగతి హోటలుదారులే టెండరు వేయవలెనని ప్రకటించి, తుదకు ఆ యర్హత లేనివారికే యిచ్చిరి. తాను చాటిన నియమమునకు అధికార సంస్థ తానే కట్టుబడవలెనని రమణ దయారాం శెట్టి వ్యాజ్యెమున కోర్టు నిర్ణయించెను. నియమము నమ్మి దూరముగా నున్నవారికి సమానావకాశము పోవుటయే యిందలి అన్యాయము. అయినను వాది ఆలసించి వచ్చుటచేత ఆ గుత్తను రద్దు చేయలేదు. అడుగవలసిన మాట సకాలమున నడుగవలెనని దీనివలన తెలియుచున్నది.

ఆంధ్రప్రదేశ పంచాయతీరాజ్ చట్టము, 1994 ప్రకారము పంచాయతీతో నడుచుచున్న గుత్తలో స్వలాభముగలవాడు సభ్యత్వమునకు అనర్హుడు. కాని బావమరది పేర, పాలేరు పేర పని నడపువానిని చట్టము పట్టుకొనుట కష్టము. అక్కడ ఊరివారి కన్నులే కావలి.

చుట్టమైనంత మాత్రమున దొంగ యనరాదు. చిన్న యూరిలో ఎవరికెవరు చుట్టములు కారు? దాచుటయే దోషము. కనుక పని నియమములను ముందుగానే చావడిలో అంటింపుడు, నడుమ మార్పకుడు. సంబంధముగలవాడు ఆ మాట సభలో చెప్పి, తనవాని ధర చూచునపుడే గాక అందరి ధరలు చూచునంతసేపును వెలుపల నుండవలెను. ధరల కవరులను పదిమంది యెదుట విప్పవలెను. తక్కువ ధరను కాదన్నచో కారణము వ్రాసి యుంచవలెను. లెక్క తెలియనిచో 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము క్రింద అర్జీ పెట్టుకొనవచ్చును. సాధారణముగా 30 దినములలో జవాబీయవలెను.

ఆనాడు నేను “వీడు నా మేనల్లుడు” అని మూడు మాటలు పలికి లేచిపోయి యుండిన, పని బహుశః వానికే దక్కెడిది. తక్కిన యిరువురును మరుసటి యేడు మరల వచ్చియుండెడివారు. మీ సభలో ఆ మూడు మాటలు పలుకుటకు ఎవరును సిగ్గుపడకుందురు గాక! సెలవు.