పొన్నంగి పిట్ట
(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



ఉగాది అనగానే మన కవులు కోయిలను పిలుస్తారు. మామిడి చిగురు, వేపపూత, కోయిల కూత - యీ మూడూ లేనిదే పండుగ పద్యము నడవదు. కోయిల మీద మాకు కోపమేమీ లేదు. కాని సాస్తిలో కాపురమున్న మనవంటి వారికి దానికంటె దగ్గరి చుట్టము మరొకటి వున్నది. అది ఉగాదినాటికి యీ వైపుకు ఇంకా చేరదు. రోహిణి యెండలు ముదిరి, తొలకరి మబ్బు కనుపించే వేళకు దిగుతుంది. దాని పేరు పొన్నంగి పిట్ట. మరాఠీ సోదరులు నవరంగ్ అంటారు. ఆ పక్షిని గురించి నాలుగు ముక్కలు మనవి చేయదలచినాము.

ముందుగా దాని రూపు. జానెడైనా లేని వొళ్ళు, తెగ్గోసినట్లుండే పొట్టి తోక, నిలువుగా పొడుగాటి కాళ్ళు. బరువు 50, 60 గ్రాములు. పాత లెక్కన నాలుగైదు తులాలు. వీపు ఆకుపచ్చ, రెక్క మీద నీలి మచ్చ, గొంతు తెలుపు, కడుపు లేత గోధుమ వన్నె, తోక కింద కుంకుమ పూసినట్లు యెరుపు. కంటి మీదుగా కాటుక దిద్దినట్లు నల్లని పట్టీ. ఇన్ని రంగులు వున్నా దానిని చూచినవారు తక్కువ. ఎందుచేతనంటే అది కొమ్మ చివర కూర్చుండి చూపించుకొనే పక్షి కాదు. పొదల నీడలో నేలమీద గెంతుతూ, రాలిన ఆకులను ముక్కుతో తిరుగవేసి, కింద దాగిన చీమలను, చెదలను, పేడపురుగులను, వానపాములను యేరుకొని తింటుంది. రాత్రి మాత్రము చెట్టెక్కి నిద్రిస్తుంది.

కనుపించకపోయినా వినిపిస్తుంది. తెల్లవారుజామున, పొద్దుగూకేటప్పుడు రెండు స్వరాల యీల వొకటి వేస్తుంది. వొకటి వేస్తే అవతలి పొదలోనిది బదులు చెబుతుంది. వేళ తప్పదు గనుక తమిళులు దీనికి ఆరుమణి కురువి అని పేరు పెట్టినారు. ఆరు గంటల పిట్ట అన్నమాట. గనిలో షిఫ్టు కూత విని లేచే మనకు యిటువంటి పక్షి మీద గౌరవము కలుగకమానదు.

చలికాలమంతా యీ పిట్ట దక్షిణాదిలోను, సింహళద్వీపములోను గడుపుతుంది. యెండాకాలము చివర బయలుదేరి మధ్యభారతపు అడవులకు, ఇంకా ఉత్తరాన హిమాలయ పాదాల దాకా వస్తుంది. చాందా జిల్లా అడవులలో, ముఖ్యముగా తాడోబాలో, మే చివర, జూన్ మొదట దీని యీల వినిపించసాగుతుంది. ఎందుకు వస్తుంది? వానలు పడితే నేల మెత్తబడి పురుగు పుట్రా పైకి వస్తాయి. పిల్లలకు కడుపునిండా తిండి దొరుకుతుంది. అందుకే సరిగా నైరుతి వానల రోజులలో గూడు కడుతుంది. గూడు బంతివలె గుండ్రముగా, పక్కన ద్వారముతో, యెండుటాకులతో, గడ్డితో, నేలమీదనో పొట్టి కొమ్మల మీదనో వుంటుంది. నాలుగైదు తెల్లని గుడ్లు, వాటిపై వూదారంగు చుక్కలు. వానలు వెనుదీసిన తరువాత మళ్ళీ దక్షిణానికి ప్రయాణము. బ్రతుకుతెరువుకు వచ్చి, బిడ్డలను పెంచుకొని, కాలము చూచి కదిలే యీ పద్ధతి మనకు పరాయిది కాదు.

ఇక దాని పేరు సంగతి. 1766లో లిన్నేయస్ అనే స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు దీనిని కాకుల జాతిలో చేర్చినాడు. పొట్టితోక కాకి అన్నాడు! 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనికి వేరే జాతి యేర్పరచి, దానికి పిట్ట అని పేరు పెట్టినాడు. అవును, మన పిట్టే. తెలుగులో చిన్న పక్షులన్నింటికీ వాడుకొనే మాట శాస్త్రానికి యెక్కింది. ఈనాడు ఆఫ్రికా మొదలు ఆస్ట్రేలియా దాకా వున్న నలభైకి పైగా పక్షులను ఆ పేరిట వొక కుటుంబముగా లెక్కిస్తారు. తరువాతి కాలములో నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ దొర 1862–64లో ప్రకటించిన భారతదేశపు పక్షుల గ్రంథములో మన తెలుగు పేర్లను కూడా శ్రద్ధగా యెక్కించినాడు. ఆ పేర్లు ఆయనకు చెప్పినవారు పండితులు కారు. వలలు పన్ని బ్రతికిన మనవంటి సామాన్యులే అయివుంటారు.

మన వూరి కథ కూడ వొకసారి తలచుకొందాము. సాస్తి వున్న రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రములో, ఆదిలాబాదు జిల్లాలో వుండినది. ఆ పైన బొంబాయి రాష్ట్రములో చేరి, 1959లో చాందా జిల్లాలో కలిసింది. గీతలు కదిలినవి, వార్ధా నది కదలలేదు. ఆ నీరు వైనగంగతో కలిసి ప్రాణహిత అయి, కాళేశ్వరము దగ్గర గోదావరిలో పడుతూనే వున్నది. పొన్నంగి పిట్ట కూడ యే గీతా యెరుగక వస్తూ పోతూనే వున్నది.

ఒక్క విషయములో మాత్రము మనకూ దానికీ భేదమున్నది. పాటగాళ్ళయిన పక్షులు చాలావరకు తమ పాటను పెద్దవాటి దగ్గర విని నేర్చుకొంటాయి. పొన్నంగి పిట్ట చేరిన వర్గములో కూత చాలావరకు పుట్టుకతోనే వస్తుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. గూట్లో యెవరు నేర్పకపోయినా ఆ రెండు స్వరాలు దానికి వచ్చితీరుతవి. మన పిల్లలకు ఆ వరము లేదు. బడిలో మరాఠీ, బజారులో హిందీ వాళ్ళు నేర్చుకొంటున్నారు. నేర్చుకోవలసినదే, అన్నము పెట్టిన భాషలు. కాని ఇంట్లో మనము పలుకకపోతే తెలుగు వాళ్ళకు యే అడవినుంచీ యెగిరి రాదు. లోకమంతా శాస్త్రగ్రంథాలలో పిట్ట అని వ్రాసుకొంటూవుంటే, మన ఇంటి బిడ్డ పిట్ట అంటే యేమిటమ్మా అని అడిగే రోజు రాకూడదు.

చివరగా మూడు విన్నపములు.

ఒకటి. యెండాకాలములో నాలా వొడ్డున, పెరటి అంచున రాలిన ఆకులను, పొదలను తగులబెట్టకండి. ఆ ఆకుల పరుపే దీనికి అన్నపు పళ్ళెము. ఓ.బి. గుట్టల మీద మొక్కలు నాటితే చాలదు. వాటి కింద ఆకు రాలి, కుళ్ళి, పురుగు పట్టనివ్వాలి. అప్పుడే అది అడవి అవుతుంది.

రెండు. ఈ పిట్టలు రాత్రిళ్ళు ప్రయాణము చేస్తవి. అలసిపోయో, దీపాలకు భ్రమసియో ఒక్కొక్కసారి ఇళ్ళలోకి వచ్చి కిటికీ అద్దాలకు తగిలి పడతవి. పిల్లలు పంజరములో పెట్టకూడదు. చట్టము కూడ వొప్పదు. గాలి ఆడే రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో చీకటిగా, సద్దు లేకుండా వుంచండి. నోట్లో నీళ్ళు పోయవద్దు. తేరుకొన్నాక చెట్లున్న చోట వదలండి. తేరుకోకపోతే అటవీశాఖవారికి అప్పగించండి.

మూడు. తొలకరినాటి సాయంకాలము పిల్లలను వెంటబెట్టుకొని వూరి వెలుపలికి వెళ్ళండి. యీల వినిపిస్తే ఆగండి. నవరంగ్ అని వాళ్ళకు తెలిసేవుంటుంది. మన వైపు పొన్నంగి పిట్ట అంటారని మీరు చెప్పండి. రెండు పేర్లూ వాళ్ళవే. చెప్పవలసిన పని మనది.