ఖబరస్తాన్ ఏ పుస్తకంలో ఉంది?

(రెంటచింతలలో చేసిన ప్రసంగ పాఠం)



మేము న్యాయవాదులము కాము. ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా బల్ల ముందు గడిపినవారము. దస్త్రాలు కట్టడం, విప్పడం, నకళ్ళు రాసి ఇవ్వడం మా పని. ఖబరస్తాన్ల చట్టాలను గురించి మాట్లాడమని పెద్దలు ఆదేశించినప్పుడు, మేము చెప్పగలిగినది కాగితాల సంగతేనని ముందే మనవి చేసుకున్నాము.

పదవీ విరమణ తరువాత మేము చూసిన ఒక సంఘటనతో మొదలుపెడతాము. ఈ ప్రాంతంలోనే ఒక గ్రామం, పేరు అనవసరం. మే నెల. మన రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలిసినదే. ఆ ఎండలో, ఈ రాతి నేలలో ఖబరు తవ్వడమంటే ఏమిటో తవ్విన పిల్లలకే తెలుసు. ఆ రోజు తవ్వడానికి వెళ్ళిన యువకులు గడ్డపారలతో తిరిగి వచ్చారు. ఖబరస్తాన్ తూర్పు వైపున రాతి కూసాలు పాతి ముళ్ళతీగ లాగి ఉన్నది. పక్క పొలం యజమాని పాసుపుస్తకం చూపించాడు. మనవారి వద్ద చూపించడానికి ఏమీ లేదు. "మా తాత ఖబరు ఆ తీగ అవతలే ఉన్నది" అని ఒక వృద్ధుడు మాత్రం అన్నాడు. మగ్రిబ్ లోపల మయ్యత్‌ను పడమటి మూల దఫన్ చేసి, మరునాడు అందరమూ కార్యాలయానికి వెళ్ళాము. అక్కడి అధికారి ఒక్కటే అడిగారు: "ఈ భూమి వక్ఫుదా, పంచాయతీదా?" సగం మంది వక్ఫుదన్నారు, సగం మంది పంచాయతీదన్నారు. ఆ తీగ ఇప్పటికీ అక్కడే ఉన్నది.

ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికే ఈ సాయంత్రం మనం కూర్చున్నాము.

మన ప్రాంతం పూర్వపు మద్రాసు రాష్ట్రంలోనిది. ఆనాటి సర్వేలో ప్రతి నంబరుకూ ఎదురుగా ఆ భూమి స్వభావాన్ని రాశారు. ఆ పుస్తకాన్నే ఆర్.ఎస్.ఆర్. అంటున్నాము. అందులో మన ఖబరస్తాన్‌కు ఎదురుగా 'శ్మశాన పోరంబోకు' అని ఉండవచ్చు, 'ఇనాం' అని ఉండవచ్చు, లేదా ఎప్పుడో భూమి ఇచ్చిన దాత పేరే పట్టాదారుగా మిగిలి ఉండవచ్చు. ఇది మొదటి పుస్తకం. రెండవది వక్ఫు గెజిటు. 1954 నాటి చట్టం కింద, తరువాత 1995 నాటి చట్టం కింద సర్వే కమిషనర్లు వక్ఫు ఆస్తుల జాబితాలు తయారుచేశారు. అవి గెజిటులో అచ్చయ్యాయి. రెండు పుస్తకాలూ ఒకే మాట చెబితే చింత లేదు. మేము చూసినంతలో అవి తరచు రెండు మాటలు చెబుతాయి. ఒకదానిలో విస్తీర్ణం ఉంటుంది, సర్వే నంబరు ఉండదు. నంబరు ఉన్నచోట విస్తీర్ణం తగ్గి ఉంటుంది.

పోరంబోకు అని తేలితే మన కుర్రవాళ్ళు నిరుత్సాహపడతారు. అవసరం లేదని మా అభిప్రాయం. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వానికి ప్రత్యేకమైన అవసరం లేని శ్మశాన పోరంబోకులు గ్రామ పంచాయతీకి దఖలు పడతాయి. శ్మశానాల ఏర్పాటు, నిర్వహణ అదే చట్టం 45వ సెక్షన్ పంచాయతీకి అప్పగించిన విధులలో ఒకటి. కనుక ప్రహరీ గోడ, దారి, నీటి వసతి అడగడం మన హక్కు. ఎవరి దయాదాక్షిణ్యాలూ అక్కరలేదు. ఆక్రమణలు తొలగించడానికి పంచాయతీ ఆస్తుల రక్షణ నియమాలు 2011లోనే వచ్చాయి. లోపం ఒకటున్నది. ప్రభుత్వం అవసరమనుకుంటే నోటిఫికేషన్ ఇచ్చి అలాంటి పోరంబోకును తిరిగి తీసుకోవచ్చు. వక్ఫు భూమికి ఆ భయం తక్కువ. వక్ఫు చట్టం 104-ఏ సెక్షన్ దాని అమ్మకాన్ని, దానాన్ని, తాకట్టును, బదిలీని నిషేధిస్తున్నది. రెండింటిలో ఏది మేలని అడుగుతారు. పోరంబోకైనా వక్ఫైనా, కాగితం స్పష్టంగా ఉన్నది మేలు.

"తరతరాలుగా మనవాళ్ళను అక్కడే పూడుస్తున్నాము కదా, ఇంకేం కావాలి?" అని పెద్దలు అంటారు. ఒకప్పుడు ఆ మాటకు గొప్ప బలం ఉండేది. 1976లో సాలీ లబ్బై కేసులో సుప్రీంకోర్టు, భూయజమాని అభ్యంతరం లేకుండా చాలాకాలంగా ముస్లిములను దఫన్ చేస్తూ వచ్చిన స్థలాన్ని, దానపత్రం లేకపోయినా, సార్వజనిక ఖబరస్తాన్‌గా భావించవచ్చునని చెప్పింది. అయితే ఆ వాడుకను రుజువు చేయాలి. 2023లో తమిళనాడులోని సేలం ఖబరస్తాన్ పరిరక్షణ కమిటీ అదే కోర్టులో ఓడిపోయింది. గెజిటులో పేరున్నా, దాని వెనుక సక్రమమైన సర్వే జరిగినట్లు గానీ, పూర్వపు వాడుక గానీ రుజువు కాలేదన్నది కోర్టు కారణం.

ఇక 2025 సవరణ చట్టం. ఇది ఏప్రిల్ 8న అమలులోకి వచ్చింది. వాడుక వలన వక్ఫు అయ్యే పద్ధతిని ఇది ఇకముందుకు తొలగించింది. అప్పటికే రిజిస్టరైన వాడుక వక్ఫులు కొనసాగుతాయి గానీ, వివాదంలో ఉన్నవి, ప్రభుత్వ భూములు అన్నవి మినహాయింపు. రిజిస్టరు కాని ఖబరస్తాన్ల పరిస్థితి ఏమిటో మీరే ఊహించండి. వక్ఫు ఆస్తి స్వాధీనం కోసం వేసే దావాలకు కాలపరిమితి లేదన్న 107వ సెక్షన్ కూడా పోయింది. అంటే పక్కవాడు పన్నెండేళ్ళు కదలకుండా కూర్చుంటే దావా మాట కష్టమవుతుంది. ఇంతకు ముందు చెప్పిన తీగకు ఇప్పుడు గడియారం నడుస్తున్నది.

2025 సెప్టెంబరు 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో సుప్రీంకోర్టు చట్టం మొత్తాన్ని ఆపలేదు. కానీ ప్రభుత్వ భూమి అన్న పేరుతో అధికారి నివేదిక మీదనే వక్ఫు స్వభావం పోయే, రికార్డులు మారిపోయే నిబంధనలను నిలిపివేసింది. ట్రిబ్యునల్‌లో హక్కు తేలేవరకు వక్ఫును ఖాళీ చేయించకూడదు, రికార్డు మార్చకూడదు. ముతవల్లులు కూడా ఆ భూమిపై మూడవ వ్యక్తికి హక్కు కల్పించకూడదు. ఈ మాట గుర్తుంచుకోండి; రేపు కార్యాలయంలో పనికి వస్తుంది. వివరాలను ఉమీద్ పోర్టల్‌లో నమోదు చేయడానికి ఇచ్చిన ఆరు నెలల గడువు డిసెంబరు మొదటి వారంతో ముగిసింది. గడువు పొడిగించడానికి నిరాకరించిన సుప్రీంకోర్టు, ఆలస్యమైనవారు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలన్నది. మీ ముతవల్లి ఆ నమోదు చేశారా లేదా అని అడగడానికి మొహమాటపడకండి. మొహమాటం వలన పోయిన భూమి ఈ తాలూకాలో తక్కువేమీ కాదు.

ఇది మన ఒక్కరి బాధ కాదు. 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఒక క్రైస్తవ పాస్టర్ మృతదేహం దాదాపు మూడు వారాలు మార్చురీలో ఉండిపోయింది. ఊరిలో క్రైస్తవుల కోసం పంచాయతీ నోటిమాటగా కేటాయించిన స్థలం ఉన్నదని కుటుంబం, రికార్డులో లేదని ప్రభుత్వం వాదించాయి. సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ భిన్నమైన తీర్పులిచ్చి, చివరకు ఇరవై కిలోమీటర్ల దూరాన మరొక చోట ఖననం చేయమన్నారు. మన రెంటచింతలలో క్రైస్తవ సోదరులు చాలామంది ఉన్నారు. వారి పెద్దలతో కలిసి ఒకే అర్జీ పెట్టడం మంచిదని మేము భావిస్తున్నాము.

ఇంకొక ప్రమాదం భూముల రీసర్వే. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో ఇది మొదలైంది. పూర్తయిన గ్రామాలలో పాత సర్వే నంబర్ల స్థానంలో కొత్త ల్యాండ్ పార్సెల్ నంబర్లు వచ్చాయి. సర్వేయరు వచ్చిన రోజున ప్రతి రైతూ తన గట్టు మీద నిలబడతాడు. ఖబరస్తాన్ గట్టు మీద ఎవరూ నిలబడరు. సర్వే, సరిహద్దుల చట్టం 1923 నాటిది. దాని కింద తుది నోటిఫికేషన్ వెలువడిన తరువాత హద్దు మార్చాలంటే మూడేళ్ళలోపు సివిల్ కోర్టుకు వెళ్ళాలి. కాబట్టి సర్వే నోటీసు వచ్చిన రోజున కనీసం ఇద్దరు పెద్దలు కూలి మానుకునైనా అక్కడ ఉండాలి.

మన తప్పులూ చెప్పుకోవాలి. ఖబరస్తాన్ రోడ్డు ముఖాన గదులు వేసి అద్దెకిచ్చిన మనవారు లేరా? పక్కా గోరీలు కట్టి తరతరాలకు చోటు పట్టుకున్నవారు లేరా? బతుకుతెరువుకు వచ్చిన కూలీ చనిపోతే, దూదేకుల ఇంట మరణం సంభవిస్తే "మీకు ఆ మూల" అన్నవారు లేరా? సార్వజనిక ఖబరస్తాన్‌లో ఏ ముస్లిముకైనా సమాన హక్కు ఉన్నది. పరాయివాడి తీగను అడగబోయే ముందు ఈ మూలలు సరిచేసుకోవడం మర్యాద. ఇక కావాలని ఖబర్లను అవమానపరిచిన, ఆ ఉద్దేశంతో లోపల చొరబడినవారికి భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద ఏడాది వరకు శిక్ష ఉన్నది.

అక్కచెల్లెళ్ళకు ఒక మనవి. దఫన్‌తో కాగితం పని అయిపోదు. మరణాన్ని 21 రోజులలో నమోదు చేయించాలి. శ్మశానాన్ని చూసుకునేవారు మరణ సమాచారం ఇవ్వాలని 1969 చట్టంలోనే ఉన్నది గానీ మన ఖబరస్తాన్లలో అటువంటి పుస్తకం మేము చూడలేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. వితంతు పింఛను కోసం ఆ ధ్రువపత్రం లేక ఆఫీసుల చుట్టూ తిరిగిన ఆడవారిని మేము బల్ల అవతలి నుండి చాలామందిని చూశాము. ఖబరస్తాన్‌లో ఒక పుస్తకం పెట్టండి: పేరు, తేదీ, వరుస. రేపు వాడుక రుజువు చేయవలసి వస్తే అదే సాక్ష్యమవుతుంది.

ఆర్.ఎస్.ఆర్., ఎఫ్.ఎం.బి. నకళ్ళ కోసం సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టవచ్చు. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల కార్యాలయంలో 5 రూపాయలు. అర్జీకి రసీదు లేకుండా ఆఫీసు మెట్లు దిగవద్దు. వచ్చే జుమా నమాజు తరువాత మేము మసీదు వసారాలోనే కూర్చుంటాము. మీ ఇళ్ళలోని పాత ట్రంకు పెట్టెలు వెతకండి. దానపత్రాలు, పన్ను రసీదులు, పంచాయతీ తీర్మానాల ప్రతులు ఏవి దొరికినా తీసుకురండి. అసలు ప్రతులు ఇంట్లోనే ఉంచి జిరాక్సులు తెండి. అర్జీ నమూనా మేము రాసి ఉంచుతాము. ఇంటికొకరు వచ్చి సంతకం చేయాలి.