వేషం వెనుక మనిషి



నాటకాలకూ సర్కస్‌కూ దుస్తులు రూపొందించిన ఒకాయన గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. పేరు మైల్స్ వైట్. 1914లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పుట్టారు. 1943లో న్యూయార్కులో మొదలైన ‘ఓక్లహోమా!’ సంగీత నాటకానికి దుస్తులు ఆయనవే. అది 2,212 ప్రదర్శనలు ఆడింది. పాత్రలు రైతులు, పశువుల కాపరులు. బట్టలు పల్లెవాళ్ళవిగా ఉండాలి, నాట్యానికి అడ్డు రాకూడదు.

రింగ్లింగ్ బ్రదర్స్ సర్కస్‌కూ ఆయన పనిచేశారు. అక్కడి లెక్క వేరు. చివరి వరుసలోని పిల్లవాడికీ తళుకు కనబడాలి. ఉయ్యాల మీద ఎగిరే మనిషికి మాత్రం పట్టు తప్పించే పోగు ఒక్కటీ ఉండకూడదు. అందం ఒక ఎత్తు, ప్రాణం ఒక ఎత్తు.

టోనీ బహుమతి రెండుసార్లు వచ్చింది. సినిమాలకు మూడుసార్లు ఆస్కార్ పరిశీలనకు పేరు వెళ్ళింది గాని, బహుమతి రాలేదు. 2000లో కన్నుమూశారు.

చప్పట్లు వేషం కట్టినవారికి, కట్టించినవారు తెర వెనుకే. దస్త్రం తయారుచేసి పైవారి సంతకానికి పంపిన మనకు ఈ సంగతి వేరే చెప్పాలా? ఇకమీదట నాటకానికి వెళితే, కరపత్రంలో అడుగున ఉన్న పేర్లు కూడా మనవలచేత చదివించండి.